తాళం వేసిన బోర్డు మీద క్యూ6600: ఆరేళ్ల వాడకం

2010లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక ఆఫీసు వాడి వదిలేసిన బ్రాండెడ్ కంప్యూటర్‌ను, దానికోసం విడిగా ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసర్‌ను కొన్నాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఎన్‌కోడ్ చేయడం నా పని కనుక నాలుగు కోర్లు అవసరమయ్యాయి. బోర్డు మీది భాగాలను ప్రాసెసర్‌తో కలిపే జీ33 చిప్‌సెట్ 1333 బస్‌ను నడపగలిగినదే. బస్ అంటే ప్రాసెసర్‌కు, చిప్‌సెట్‌కు మధ్య దారి; 333 మెగాహెర్ట్జ్ బస్‌నే నాలుగు రెట్లు చేసి 1333 అంటారు. కానీ తయారీదారు బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల తెరలో, తేదీ, బూట్ క్రమం వంటివి మాత్రమే ఉంచి, బస్ వేగం, వోల్టేజీ, మెమరీ నిష్పత్తి (బస్ వేగానికి ర్యామ్ వేగం ఎన్ని రెట్లు అన్నది) అన్నింటినీ దాచేశాడు. అలా తాళం వేసినట్టున్న బోర్డు మీదనే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను 2016 వరకు 3 గిగాహెర్ట్జ్ వద్ద నడిపాను.

బస్ వేగాన్ని గుణకంతో హెచ్చిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది; క్యూ6600 గుణకం 9. దానిని తగ్గించవచ్చు గాని పెంచడానికి వీలులేదు. ఆ స్వేచ్ఛ క్యూఎక్స్6700 వంటి ఖరీదైన ఎక్స్‌ట్రీమ్ రకాలకే ఉండేది. కాబట్టి 266 మెగాహెర్ట్జ్ బస్‌ను పెంచడమొక్కటే దారి. మొదట విండోస్‌లో సెట్‌ఎఫ్‌ఎస్‌బీ అనే ప్రోగ్రామ్ వాడాను. బస్ వేగాన్ని పుట్టించే క్లాక్ చిప్ నంబరును బోర్డు మీద భూతద్దంతో చదివి, జాబితాలో వెతికి, జరుపుకుంటూ పోతే 300 వరకు వచ్చింది. అక్కడి నుంచి తెర గడ్డకట్టేది. కారణం ప్రాసెసర్ కాదు. ఈ పద్ధతిలో మెమరీ నిష్పత్తి మారదు కనుక బస్‌తోపాటు మెమరీ వేగం కూడా పెరుగుతుంది, నా ర్యామ్ దానిని తట్టుకోలేకపోయింది. పైగా కంప్యూటర్‌ను ఆపి వేసిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వచ్చేది.

నిజంగా పనికి వచ్చింది టేపు. ఎల్‌జీఏ 775 సాకెట్‌లో (నా బోర్డుదీ అదే) కూర్చునే ప్రాసెసర్ తనకు ఏ బస్ కావాలో బీసెల్ అనే మూడు సంకేతాల ద్వారా బోర్డుకు తెలుపుతుంది. 266కు మూడూ సున్నాలే. 333కు బీసెల్2 ఒక్కటే ఒకటి. ప్రాసెసర్ అడుగున ఆ ఒక్క బంగారు చుక్కను చిన్న టేపు ముక్కతో కప్పితే, బోర్డు ఆ సంకేతాన్ని ఒకటిగా చదివి, 333ను తానే ఎంచుకుంటుంది. 333ను 9తో హెచ్చిస్తే 3 గిగాహెర్ట్జ్. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది ఏమిటంటే, తన ముందున్నది అసలైన 1333 ప్రాసెసరే అని బోర్డు నమ్ముతుంది కాబట్టి మెమరీ నిష్పత్తిని కూడా దానికి తగినట్టే అమర్చి, నా డీడీఆర్2 ర్యామ్‌ను దాని 800 వేగంలోనే ఉంచింది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను ఒక రాత్రి, ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రైమ్95ను మరుసటి పగలు నడిపాను. ఒక్క తప్పు కూడా రాలేదు.

ఫలితం గడియారంలో కనిపించింది. 100 నిమిషాలు పట్టే ఎన్‌కోడింగ్ 82 నిమిషాలలో ముగిసేది. ముహూర్తాల రోజులలో రాత్రికి నాలుగైదు ఫైళ్లు చేయవలసి వచ్చినప్పుడు, తెల్లవారేలోపు డిస్కు చేతికి ఇవ్వగలగడం అంటే ఏమిటో ఆ పనిలో ఉన్నవారికి తెలుస్తుంది.

వేడి విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు. వోల్టేజీ మారకపోయినా వేగం పెరిగినంత మేర విద్యుత్తు ఖర్చు కూడా పెరుగుతుంది. జనవరిలో 58 డిగ్రీల వద్ద ఉండే కోర్లు, ఏసీ లేని గదిలో మే నెలలో 74 వరకు వెళ్లేవి. వెనుక 120 మిల్లీమీటర్ల ఫ్యాను బిగించాక ఐదారు డిగ్రీలు తగ్గాయి. అసలు ఫ్యాను కోరుకున్నది ప్రాసెసర్ కన్నా, దాని పక్కన హీట్‌సింక్ లేకుండా ఉన్న వోల్టేజీ రెగ్యులేటర్ భాగాలే. వాటిని వేలితో తాకలేకపోయేవాణ్ని. క్యూ6600 రెండు రకాలుగా వచ్చింది; నాది 95 వాట్ల జీ0 రకం. 105 వాట్ల పాత బీ3 రకాన్ని ఇటువంటి బోర్డు మీద ఈ వేగంతో నడపమని నేను చెప్పలేను.

ఒక్కసారి ఇబ్బంది పడ్డాను. రెండవ వేసవిలో థర్మల్ పేస్టు మార్చి బిగించాక యంత్రం 2.4కే పరిమితమైంది. విప్పి చూస్తే, నేను అంటించిన మామూలు సెల్లో టేపు జిగురు వేడికి కరిగి, ముక్క పక్కకు జారి ఉంది. అది పక్క చుక్కను కప్పి ఉంటే యంత్రం అసలు లేవకపోయే ప్రమాదం కూడా ఉండేది. స్పిరిట్‌తో తుడిచి, వేడిని తట్టుకునే పలుచని పసుపు పాలిమైడ్ టేపు అంటించాను. 2016లో ప్రాసెసర్‌ను తీసినప్పుడు ఆ ముక్క పెట్టినచోటే ఉంది.

3 గిగాహెర్ట్జ్ దాటి పోవాలనుకునేవారికి ఈ దారి చాలదు, ఎందుకంటే అక్కడ తరచు వోల్టేజీ పెంచవలసి వస్తుంది, తాళం వేసిన బోర్డు దానిని అనుమతించదు. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ అనే ఇంటెల్ ప్రాసెసర్ల తరం నుంచి క్లాక్ జనరేటర్ చిప్‌సెట్‌లోకి చేరి, 100 మెగాహెర్ట్జ్ మూల వేగానికే మిగతావన్నీ ముడిపడ్డాయి కనుక ఆ తరం యంత్రాల మీద టేపు పని చేయదు. 775 బోర్డు ఇంకా వాడుతున్నవారు, చిప్‌సెట్‌కు 1333 బస్ ఉందో లేదో చూసుకున్న తరువాతే ప్రాసెసర్‌ను బయటకు తీయాలి.