సముద్రం పక్కన ఒంటరిగా విశ్రాంతి: మూడు బసల అనుభవం

అలసిపోయి సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్లు గది ఫొటోల కంటే ముందు చూడాల్సింది నీళ్లని. అల ఎక్కడ విరుగుతోంది, లోతు ఎంత దూరంలో మొదలవుతోంది, లైఫ్ గార్డ్ ఉన్నాడా లేడా. నలుగురితో వెళ్తే ఒకరు ఈత కొడుతుంటే ఇంకొకరు ఒడ్డు నుంచి ఓ కంట కనిపెడుతుంటారు. ఒక్కరమే అయినప్పుడు ఆ కాపలా కూడా మనమే కాయాలి. ఆ టెన్షన్‌తో విశ్రాంతి ఎక్కడుంటుంది? అందుకే ఈసారి ఒకే తీరంలో మూడు రకాల చోట్ల కావాలనే మార్చి మార్చి ఉన్నాను.

మొదటిది ఇసుకకు ఆనుకుని ఉన్న పెద్ద రిసార్ట్. బాగా రాత్రయ్యాక చేరినా రిసెప్షన్‌లో మనిషి ఉన్నాడు, దారి పొడవునా లైట్లు ఉన్నాయి, గది దాకా ఒకరు తోడొచ్చారు. ఒంటరిగా ప్రయాణించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కాకపోతే గది అద్దె ఇద్దరి లెక్కన ఉంటుంది, ఒక్కరే ఉన్నా దాదాపు అంతే కట్టాలి. రాత్రుళ్లు పొద్దుపోయేదాకా స్పీకర్లు మోగాయి. కిటికీలు బిగించి ఏసీ వేసుకుని పడుకుంటే అలల చప్పుడే వినబడలేదు. దేనికోసం అంత డబ్బు పెట్టామో అదే అందకుండా పోయింది. పైగా అక్కడ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, అల నేరుగా ఇసుక మీదే పడి విరుగుతుంది. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, దిగడానికి మాత్రం పనికిరాదు. ఉన్నన్నాళ్లూ ఎర్ర జెండా దించలేదు.

రెండోది రెండు సందుల వెనక చిన్న గెస్ట్ హౌస్. గదిలోంచి సముద్రం కనపడదు. వీధి సద్దుమణిగాక మాత్రం హోరు మంచం దాకా వచ్చేది, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. గేటు పక్కన కాళ్లు కడుక్కునే కుళాయి, ఒక బల్ల, బట్టలారేసే తాడు ఉండేవి. ఉప్పునీటి బట్టలు మంచినీళ్లలో జాడించకుండా ఆరేస్తే ఎంతసేపున్నా చెమ్మగానే ఉంటాయి, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి. ఆ కుళాయి విలువ అక్కడ ఉంటేనే తెలుస్తుంది. యజమానురాలు రోజూ ఎటు వెళ్తున్నానో, ఎన్నింటికి తిరిగొస్తానో అడిగేవారు. మనం రాకపోతే గమనించే మనిషి ఒకరుండటం నాకు సీసీ కెమెరాల కంటే ధైర్యాన్నిచ్చింది. వేడినీళ్లు ఓ రోజు వచ్చేవి, ఓ రోజు రావు. వైఫై ఉందంటే ఉంది. నాకు రెండూ పెద్దగా అవసరం పడలేదు.

మూడోది నాకు బాగా నచ్చింది. రెండు వైపులా కొండ చేతులు చాచినట్టుండే చిన్న వంపు, దాని పైన గది. కొండ అడ్డం ఉండటంతో పెద్ద అలలు లోపలికి రావు, చాలా దూరం నడుం లోతే. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంటాయి. చాలా దేశాల్లో వాటి మధ్య లైఫ్ గార్డ్ నిఘా ఉందని అర్థం. నేను ఆ రెండు జెండాల మధ్యే ఈదాను. బస్సులు తక్కువ, చీకటి పడితే అంతా మూసేస్తారు. రోజూ కొత్తగా ఏదో ఒకటి కావాలనుకునేవాళ్లకు విసుగొస్తుంది.

వంపు దాటితే పరిస్థితి వేరు. అక్కడి లైఫ్ గార్డ్ కొండ మీంచి వేలు పెట్టి చూపించాడు: రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతున్నాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, ముదురు రంగులో ఉంది. నురగ, బురద రంగు ఇసుక ఆ పట్టీ వెంట లోపలికి పోతున్నాయి. అదే రిప్ కరెంట్. ఒడ్డుకు చేరిన నీరంతా సన్నటి దారిలో వెనక్కి పారడం వల్ల ఏర్పడుతుంది. ప్రశాంతంగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. వేగం సెకనుకు 2.5 మీటర్ల దాకా వెళ్లగలదు, ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా మాత్రమే తీసుకెళ్తుంది. ఎదురు తిరిగి అలిసిపోకుండా తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి సాయం అడగాలి, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పట్టీలోంచి బయటపడాలి. ఒంటరిగా వెళ్లే ప్రతి ఒక్కరూ ఇది నేర్చుకున్నాకే నీళ్లలో కాలు పెట్టాలి.

నా రోజును నడిపింది ఆటుపోట్లే. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే రోజురోజుకీ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు తగ్గినప్పుడు తడిసి గట్టిపడిన ఇసుక మీద చెప్పుల్లేకుండా ఎంత దూరమైనా నడవొచ్చు. ఆ వేళను బట్టే నా నడక, తిండి, కునుకు అన్నీ జరిగాయి. ఏడాదంతా ప్రతి గంటా ఏం చేయాలో తేల్చుకుంటూ బతికే మనిషికి ఆ పని ఇంకొకరు తీసుకోవడం ఎంత హాయో చెప్పలేను. కొండ మలుపు దాటి నడవాలంటే మాత్రం నీరు తగ్గుతుండగా వెళ్లి, తిరిగి పెరగకముందే వచ్చేయాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరీ ఎక్కువ, ఇంకాస్త ముందే తిరుగుముఖం పట్టాలి.

ఎండ సంగతి కూడా. పగలు నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి వీస్తుంది. ఆ చల్లదనంలో ఒళ్లు కాలుతున్నట్టే తెలియదు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాసుకోవాలి.

గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి: లైఫ్ గార్డ్ ఏ నెలల్లో, ఏ వేళల్లో ఉంటాడు, రాత్రి ఎన్నింటిదాకా పాటలు పెడతారు, ఆలస్యంగా వస్తే తలుపు తీసేదెవరు, ఒక్కరికైతే అద్దె ఎంత. జవాబు తడబడితే ఇంకో చోటు చూసుకోవడం మేలు. సెలవు తక్కువగా ఉంటే నాలా బసలు మార్చొద్దు, సామాను సర్దుకోవడంలోనే పూటలు గడిచిపోతాయి. ఈత కావాలనుకుంటే నేరుగా వంపు దగ్గరికే వెళ్లండి. నిద్ర మాత్రమే కావాలంటే సందుల వెనకున్న ఆ గెస్ట్ హౌస్ గది చాలు.