రోడ్డు వెడల్పా, బైపాసా, ఉన్న రోడ్డునే చక్కదిద్దడమా: ఏది మేలు?

హైవే వెడల్పు చేస్తారన్న మాట పుట్టగానే జనం రెండుగా చీలిపోతారు. తమ గోడ మీద మార్కింగ్ పడ్డవాళ్లు వద్దంటారు. రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లు త్వరగా కానిచ్చేయండి అంటారు. ఇద్దరి బాధా నిజమే. కానీ ఈ తగువులో ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది. రోడ్డు మీదున్న బళ్లలో ఊరు దాటి పోయేవి ఎన్ని, ఊళ్లోనే ఆగేవి ఎన్ని?

ముందు వెడల్పు సంగతి. దీనికి పెద్ద బలం, కొత్త దారి వెతుక్కోనక్కర్లేదు. పని జరుగుతున్నట్టు కళ్లకు కనిపిస్తుంది కూడా. చిక్కంతా జంక్షన్ దగ్గర వస్తుంది. అడ్డంకి లేని రోడ్డులో ఒక లేన్ మీద గంటకు సుమారు 1,800 బళ్లు పోగలవు. సిగ్నల్ దగ్గర పచ్చలైటు సగం సేపే వెలిగితే దాటేవి అందులో సగమే. రోడ్డును రెండింతలు చేసి జంక్షన్‌ను మాత్రం ఉన్నట్టే వదిలేస్తే, క్యూ పొడుగు తగ్గి వెడల్పు పెరుగుతుంది, అంతే. సిగ్నల్ దాటే బళ్ల సంఖ్య మారదు.

పైగా ఖాళీ రోడ్డు కొత్త బళ్లను పిలుస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవేను (ఫ్రీవే అంటే సిగ్నళ్లు లేని పెద్ద హైవే) 2008 నాటికి, పక్క రోడ్లతో కలిపితే కొన్నిచోట్ల 26 లేన్ల దాకా పెంచారు. 2011, 2014 మధ్య అక్కడ సాయంత్రం రద్దీలో ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. అది ఒక్క ఊరి కథ అనుకోవచ్చు. కానీ జిల్ డురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో చాలా నగరాల లెక్కలు తీసి 2011లో చెప్పింది కూడా ఇదే: రోడ్డు ఎంత శాతం పెరిగితే దాని మీద తిరుగుడూ దాదాపు అంతే పెరుగుతోంది.

కారులో కూర్చుని చూస్తే కనిపించనిది ఇంకోటుంది. రెండు లేన్ల రోడ్డు 7 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్ల మామూలు నడకతో ఆరు సెకన్లలో దాటేస్తాం. ఆరు లేన్లు, మధ్యలో డివైడర్ కలిస్తే 25 మీటర్లవుతుంది. కర్ర పట్టుకుని సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దాయనకు అది 31 సెకన్ల ప్రయాణం. సగం దూరం వెళ్లేసరికి లైటు మారిపోతుంది. ఇక ఆయన ఆ డివైడర్ మీదే నిలబడాలి, అటూ ఇటూ బళ్లు దూసుకుపోతుంటే.

బైపాస్ ఈ గొడవలన్నీ తప్పిస్తుంది. లారీలు ఊళ్లోకి రావు, ఇళ్లు కూలవు. నష్టం మాత్రం వేరేవాళ్ల నెత్తిన పడుతుంది. ఊరి బయట పొలాలు, చెట్లు పోతాయి, నిరసన అక్కడికి మారుతుంది. ఇంగ్లండ్‌లో న్యూబరీ బైపాస్ కోసం 1996లో చెట్లు కొట్టడం మొదలుపెట్టినప్పుడు జనం చెట్లెక్కి, సొరంగాలు తవ్వుకుని అడ్డుపడ్డారు. అయినా 1998లో ఆ రోడ్డు తెరుచుకుంది. బైపాస్‌కు ఇంకో జబ్బుంది. దాని పక్కన ప్రతి స్థలానికీ గేటు పెట్టుకోనిస్తే కొన్నేళ్లకు అదీ ఊరి మెయిన్ రోడ్డులా తయారవుతుంది. అప్పుడు బైపాస్‌కే బైపాస్ కావాలంటారు.

మూడోది, ఉన్న రోడ్డును చక్కదిద్దడం. శంకుస్థాపన ఫొటోకి పనికిరాదు కాబట్టి దీని మాట ఎవరూ పెద్దగా ఎత్తరు. ఒక్క బండి ఎదురు ట్రాఫిక్‌ను దాటి పక్కకు తిరగడానికి ఆగితే వెనకున్న లైనంతా ఆగుతుంది. దానికి విడిగా నలభై మీటర్ల లేన్ ఇస్తే చాలు, మిగతావి కదులుతాయి. బస్సు ఆగడానికి పక్కన చోటు, జంక్షన్ దగ్గర పార్కింగ్ లేకుండా చూడటం, సిగ్నల్ టైమింగ్ మార్చడం... వీటిలో ఏదీ గొప్పగా కనిపించదు. కానీ ఒక్క ఇల్లు కూడా పోదు. దీనికీ హద్దు ఉంది. రోజంతా రోడ్డు పట్టనన్ని బళ్లొస్తుంటే సిగ్నల్ టైమింగ్‌తో తీరదు, లారీలూ ఎక్కడికీ పోవు.

నన్నడిగితే ముందు మూడోది చేసి చూడాలి. దాంతో తీరకపోతే బైపాస్ గురించి ఆలోచించాలి, అదీ లెక్క చూశాక. వెడల్పు చివరి మాట.

ఆ లెక్కకు పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఊరికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుని, గంటసేపు పోయే బళ్ల నెంబరు ప్లేట్ల చివరి నాలుగంకెలూ, టైమూ రాసుకోవాలి. సాయంత్రం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి చివర కనిపించిన నూటిలో అరవై, ఊరు దాటడానికి పట్టేంత టైములోనే రెండో చివరా కనిపిస్తే బైపాస్ అడగడంలో అర్థముంది. పదిహేనే కలిస్తే బైపాస్ కట్టినా ఊళ్లో రద్దీ అలాగే ఉంటుంది.

వద్దన్నవాళ్లందరినీ అభివృద్ధికి అడ్డం అనేయడం తేలిక. కానీ అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జనం గట్టిగా నిలబడితే 1959లో నగర పాలకులు అనుకున్న పది ఫ్రీవేల్లో ఏడింటిని రద్దు చేశారు. అప్పటికే కట్టిన ఎంబార్కడెరో ఫ్రీవే 1989 భూకంపానికి దెబ్బతింది. మళ్లీ నిలబెట్టకుండా 1991లో కూల్చడం మొదలుపెట్టారు. దాని చోట సముద్రపు ఒడ్డు జనానికి తిరిగొచ్చింది.

అలాగని వట్టి ‘వద్దు’తో పని జరగదు. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేటప్పుడు ఆ రెండు పుస్తకాలూ వెంట తీసుకెళ్లండి. రోడ్డు డ్రాయింగ్ చూపిస్తే, జంక్షన్ డ్రాయింగ్ ఎక్కడని అడగండి. నడిచి దాటేవాళ్లకు ఎన్ని సెకన్లు ఇస్తారో దాని మీదే రాయించండి.