పెద్దబడి, చిన్నబడి తేడా పట్టని పోలిక: లోయర్, ఐలైక్, సైటెక్స్ట్‌లలో ఏది మేలు?

అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో విత్తనాల దుకాణాలకు ప్రోగ్రాములు రాసే మిత్రులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో దొరికిన పేరు పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు మారగానే ఎందుకు దొరకడం లేదు, దానికి ఏ పద్ధతి మేలు? మైఎస్‌క్యూఎల్ 8.0 డిఫాల్టు కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) పెద్దబడి (A), చిన్నబడి (a) అక్షరాలను ఒకటిగా చూస్తుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ వేరుగా చూస్తాయి. తెలుగు లిపిలో ఈ భేదం లేదు కనుక ఇబ్బందంతా ఇంగ్లీషులో ఎక్కించిన పేర్లు, కోడ్‌లతోనే.

ఒకే సరుకు రెండుసార్లు ఎక్కకుండా ఆపగలదా అన్నదే నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చే ప్రశ్న. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 వేరుశనగను ఒక గుమాస్తా పెద్దబడి అక్షరంతో, మరొకరు చిన్నబడి అక్షరంతో ఎక్కిస్తే, మైఎస్‌క్యూఎల్‌లో యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్నది) రెండోదాన్ని తిప్పికొడుతుంది. పోస్ట్‌గ్రెస్ మాత్రం రెండింటినీ ఒప్పుకోవడంతో గోదాములోని నిల్వ లెక్కలో రెండు వరుసలుగా చీలిపోతుంది. ఐలైక్ (ఈ తేడా చూడకుండా వెతికే పోస్ట్‌గ్రెస్ ఆపరేటరు) ఆ రెండు వరుసలనూ చూపించగలదు గానీ చీలకుండా ఆపలేదు. పైగా అందులో అండర్‌స్కోర్ ఏ ఒక్క అక్షరానికైనా సరిపోతుంది కాబట్టి, మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి వెతికినవారికి అడ్డగీత ఉన్న కోడ్ కూడా వచ్చిపడుతుంది. పేరులో ఒక ముక్కే గుర్తున్నప్పుడు, ట్రైగ్రామ్ ఇండెక్సు (మూడేసి అక్షరాల ముక్కలతో కట్టే సూచిక) తోడుగా, ఐలైక్ తగినదే.

అందుకే లోయర్ (అక్షరాలన్నిటినీ చిన్నబడికి మార్చే ఫంక్షన్) ఫలితం మీద యూనిక్ ఇండెక్సు కట్టి, క్వెరీలోనూ (డేటాబేసును అడిగే ప్రశ్నలోనూ) పోలికకు రెండువైపులా లోయర్ రాయడమే మేలని నా అభిప్రాయం. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లతో పాటు 3.9 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్ డేటాబేసులో, 8.0.13 నుంచి మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఇది నడుస్తుంది. ప్రతి క్వెరీలో గుర్తుపెట్టుకుని రాయాలన్న భారం నిజమే. మరిచిన చోట పేరూ దొరకదు, ఇండెక్సూ అక్కరకు రాదు. అయినా తప్పుడు వరుస లోపలికి రాకుండా కాపలా ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్‌ను ఎన్నటికీ వదలని వారికి సైటెక్స్ట్ (ఈ తేడా పట్టని టెక్స్ట్ డేటా రకం) చాలు. లోపల అదీ లోయర్‌నే పిలుస్తుంది. 2019లో 12వ వెర్షన్‌తో వచ్చిన నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్లు (వేర్వేరు రాతలను సమానంగా చూడగలవి) మరో దారి గానీ, వాటి మీద 18వ వెర్షన్ వచ్చేదాకా లైక్ (నమూనాతో వెతికే ఆపరేటరు) పనిచేయలేదు. ఎస్‌క్యూలైట్‌లోని నోకేస్ కొలేషన్ 26 ఇంగ్లీషు అక్షరాలకే పరిమితం.

కడపకు 2005లో మారిన ఇంగ్లీషు స్పెల్లింగును మాత్రం వీటిలో ఏదీ పాతదానితో కలపదు. దానికి మారుపేర్ల పట్టిక విడిగా ఉండాలి. ఇక పాత డేటాలో జంట వరుసలుంటే యూనిక్ ఇండెక్సు కట్టడం కుదరదు కనుక, ముందుగా లోయర్ మీద గ్రూప్ బై (ఒకే విలువ ఉన్న వరుసలను గుంపు చేసే ఆదేశం) చేసి వాటిని బయటకు తీసి, దుకాణదారు బిల్లు పుస్తకం ఎదురుగా పెట్టుకుని కలపండి.