రవి ప్రకాష్ ఫాంట్: రెండు మాటలు పెద్దగా వేయాలంటే ముందు ఇదే

ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో నేను ఎక్కువగా వాడేది రవి ప్రకాష్. అదీ పోస్టర్ మీద పెద్ద మాట, షాపు బోర్డు మీద పేరు, పిల్లల పుట్టినరోజు కార్డు మీద పేరు, ఇలాంటి వాటికే. మన వైజాగ్‌లో మాత్రం దీన్ని అడ్రసులకీ మెనూలకీ కూడా వాడేస్తున్నారు, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, ఇంత మంచి ఫాంట్‌ని పనికిరాని చోట పెట్టి పాడు చేస్తున్నారే అని.

ముందు దీని సంగతి కొంచెం చెప్పాలి. తెలుగు అక్షరాలని అప్పాజీ అంబరీష దర్భా 2013లో గీశారు, అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర దీన్ని ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేసింది. ఇందులోని ఇంగ్లీష్ అక్షరాలు ఎడ్వర్డో తున్ని చేసిన జోటి వన్ ఫాంట్‌వి. గూగుల్ ఫాంట్స్‌లో ఉంది, పైసా కట్టక్కర్లేదు, వ్యాపారానికి కూడా హాయిగా వాడుకోవచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు, అంతే. ఇంగ్లీష్ కూడా అదే తీరులో ఉండటం మనకి చాలా లాభం, ఎందుకంటే ఇక్కడ ఏ పోస్టర్ తీసుకున్నా సగం తెలుగు, సగం ఇంగ్లీష్. వేరే ఫాంట్లతో అయితే తెలుగు బొద్దుగా, పక్కన ఇంగ్లీష్ సన్నగా పడి రెండూ రెండు వేర్వేరు బోర్డుల్లోంచి తెచ్చి అతికించినట్టు కనిపిస్తాయి.

అక్షరం లావుగా, గుండ్రంగా, కాస్త అల్లరిగా ఉంటుంది. గంభీరమైన పనులకి నప్పదు, తినే వస్తువులకీ పిల్లల కార్యక్రమాలకీ మాత్రం భలే కుదురుతుంది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండికి బోర్డు చేయాలంటే నేను ఇంకో ఫాంట్ వైపు చూడను. సాయంత్రం ఆ జనంలో, ఆ బల్బుల వెలుతురులో, పది అడుగుల దూరం నుంచి "మురీ" అన్న రెండక్షరాలు కంటికి తగలాలి. గుడ్డ బ్యానర్ల మీద కూడా బాగా నిలబడుతుంది. నేతలో సన్నగీతలు ఎటూ మాయమైపోతాయి, దీనిలో గీత లావు కాబట్టి సిరా కొంచెం పాకినా అక్షరం చెదరదు.

"మాడుగుల హల్వా" అని వేసి చూడండి. మొదటి మాటలో వత్తు ఒక్కటీ లేదు, నాలుగక్షరాలూ ఒకే వరసలో కూర్చుంటాయి. రెండో మాటలో ల కింద వ వత్తు దిగుతుంది. రెండు మాటలూ ఒకే లైన్లో ఉంటే కింద అంత చోటు వదలాలి. చాలామంది ఇక్కడే చోటు చాలదని లైన్ల మధ్య దూరం తగ్గించేస్తారు, అప్పుడు ఆ వత్తు వెళ్లి కింది లైన్లో గుడి మీదో కొమ్ము మీదో పడుతుంది. ఇది ఈ ఫాంట్ తప్పు కాదు, తెలుగు లిపే పైకీ కిందకీ పెరిగే లిపి. కాకపోతే అక్షరం లావైనకొద్దీ ఆ ఇరుకు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కాబట్టి ఇంగ్లీష్ పోస్టర్‌కి అలవాటైన స్పేసింగ్ పెట్టి వదిలేయకండి.

చిన్న సైజులో మాత్రం దీన్ని దయచేసి వాడొద్దు. ప కీ వ కీ తేడా తలకట్టు దగ్గర ఉండే ఆ చిన్న సందే కదా, లావు గీతలో, చిన్న సైజులో ఆ సందు పూడుకుపోతుంది, "పంట" కాస్తా "వంట" అనిపిస్తుంది. ద, ధ ల మధ్య తేడా కూడా అంతే. పైగా దీనికి ఉన్నది ఒకే ఒక్క వెయిట్, అంటే గీత లావు ఒకటే. దాని మీద మళ్లీ బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉత్తినే అక్షరాన్ని ఉబ్బిస్తుంది, లోపలి ఖాళీలన్నీ మూసుకుపోతాయి. ఫోన్ నంబర్లు, అడ్రసు, ధరల పట్టిక నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్‌లో పెట్టుకోండి, అందులో సన్నం నుంచి బాగా లావు వరకు వెయిట్లన్నీ ఉన్నాయి, పక్కన నిశ్శబ్దంగా ఒదిగిపోతుంది. ఫ్లెక్సులకి అలవాటైన తెల్ల అంచు, దాని చుట్టూ పసుపు అంచు, కింద నీడ, ఇవేవీ దీనికి అక్కర్లేదు. మంచి ముదురు రంగు ఒక్కటి చాలు.

ఇక ప్రింటింగ్ గొడవ. ఇది యూనికోడ్ ఫాంట్, అంటే ఏ కంప్యూటర్లో, ఏ ఫోన్లో అయినా ఒక్కో అక్షరానికి ఒకటే కోడ్. మన ఊళ్లో చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని నడుస్తోంది, వాటికి అలవాటైన చేయి దీని దగ్గర తడబడుతుంది. డాబాగార్డెన్స్ వైపు ఒక ప్రెస్సులో నేనిచ్చిన ఫైల్ తెరిస్తే వత్తులన్నీ విడిపోయి అక్షరాల పక్కకొచ్చి నిలబడ్డాయి, అలాగే ప్రింట్ కొట్టేయబోయారు. ఫొటోషాప్‌లో ఇలా అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజన్ ఎంచుకోవాలి, కొత్త వెర్షన్లలో దాన్నే వరల్డ్ రెడీ లేఅవుట్ అంటున్నారు. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ఆ బాధే లేదు, దానంతట అదే వత్తులు సరిగ్గా కూర్చోబెడుతుంది. ఏదైనా సరే, ప్రెస్సుకి పంపేముందు అక్షరాలని అవుట్‌లైన్లుగా, అంటే ఫాంట్‌తో పని లేని గీతల బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, టెన్షన్ ఉండదు. తర్వాత మార్పులు చేయడానికి అసలు ఫైల్ మాత్రం విడిగా దాచుకోండి.

యూనికోడ్ అయినందుకు ఇంకో మేలు, బ్యానర్ కోసం కొట్టిన మాటే కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినా తెలుగుగానే ఉంటుంది. అను ఫాంట్లో కొట్టింది అలా పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి.

నా వరకు పోస్టర్లకీ బోర్డులకీ అయిదుకి నాలుగున్నర. పెళ్లి శుభలేఖలకి బాగుంటుందని కొందరంటారు, వధూవరుల పేర్ల వరకు సరే కానీ మొత్తం కార్డుకి ఇది బరువెక్కువ. కాస్త పల్చటి వెయిట్ ఒకటి ఎవరైనా చేస్తే ఆ లోటు కూడా తీరుతుంది, లైసెన్స్ ఎలాగూ అందుకు ఒప్పుకుంటుంది.