నాలుగున్నరేళ్ల ఎయిర్ పిస్టల్: ఏం కొన్నాను, ఏం కొనకుండా ఉండాల్సింది

2020 జనవరిలో హైదరాబాద్ ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి వెళ్లినప్పుడు మా వాడు బెలూన్లు కొడతానని పేచీ పెట్టాడు. తీరా స్టాలు దగ్గరికి వెళ్లాక ఆ రైఫిల్ ఎత్తడం వాడి వల్ల కాలేదు, తెచ్చి నా చేతిలో పెట్టాడు. పది గుళ్లకు రెండు బెలూన్లు పేలాయి. స్టాలు కుర్రాడు నవ్వుతూ "కొంచెం ఎడమకు కొట్టండి మేడమ్, దీని సైటు వంకర" అన్నాడు. అన్నట్టే ఎడమకు కొడితే ఇంకో నాలుగు పేలాయి. మా ఆయన పాప్‌కార్న్ తింటూ "పోదాం ఇక" అంటున్నా ఇంకో యాభై రూపాయలు తగలేశాను. అక్కడ పట్టుకున్న పిచ్చి ఇది. తర్వాత కోవిడ్ వచ్చింది, ఏడాది పైగా ఇంట్లోనే కూర్చున్నాం, 2021లో షూటింగ్ రేంజ్‌లు తెరిచాక మొదలుపెట్టాను. ఇప్పుడు నాలుగున్నరేళ్లు. నాకు తెలిసినవాళ్లలో కనీసం పదిమంది "మేం కూడా నేర్చుకుందాం అనుకుంటున్నాం, ఏ గన్ కొనాలి" అని అడిగారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదటి ఏడాది ఏమీ కొనకండి. నేను కొన్నాను, తప్పు చేశాను.

రేంజ్‌లో చేరకముందే, వీడియోలు చూసిన ఊపులో, మన దేశంలోనే తయారైన ఒక స్ప్రింగ్ రైఫిల్ కొన్నాను. పద్నాలుగు వేలు పడింది. కంపెనీ పేరు రాయను, నాకొచ్చిందే పాడు పీసేమో, ఎవరికి తెలుసు. బ్యారెల్‌ను కిందికి వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది, పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పెట్టి మూసి ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, ఆ గాలికి పెల్లెట్ బయటికి వస్తుంది. వినడానికి తేలికే. కానీ ఆ పిస్టన్ కదలడం వల్ల రైఫిల్ ఒకసారి వెనక్కి, వెంటనే ముందుకి కుదుపుతుంది, అదీ పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే. గట్టిగా పట్టుకుంటే ఒక చోట పడుతుంది, వదులుగా పట్టుకుంటే ఇంకో చోట. దాన్ని అరచేతిలో ఊరికే ఆనించి ప్రతిసారీ ఒకేలా వదిలేయాలన్న సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. అప్పటిదాకా నా గ్రూపు, అంటే గుళ్లన్నీ పడ్డ మేర, టీ సాసరంత ఉండేది, తప్పు రైఫిల్‌దో నాదో అర్థమయ్యేది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే చికాకు ఉండదు. దానికి తోడు ట్రిగ్గర్ గీసుకుపోతున్నట్టు గరగరమనేది, వెనక సైటు స్క్రూ ప్రతి వంద గుళ్లకీ వదులయ్యేది. చివరికి మా వీధి చివర బైక్ మెకానిక్ దగ్గర స్క్రూలు బిగించే జిగురు ఒక చుక్క అడిగి వేయించుకున్నాను, అప్పుడు నిలిచింది.

ఇంట్లో కాల్చడం గురించి కూడా చెప్పాలి. మాది హబ్సిగూడలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. వంటింటి గుమ్మం నుంచి చివరి గది గోడ దాకా ఎనిమిదిన్నర మీటర్లు వస్తుంది, పది రాదు. మొదట్లో చెక్క పలకకు కాగితం అంటించి కాల్చాను. మూడో రోజో నాలుగో రోజో ఒక పెల్లెట్ ఆ చెక్కకు తగిలి వేగంగా వెనక్కి వచ్చి అత్తయ్య ఇత్తడి బిందెకు ఠంగున తగిలింది. బిందెకు సొట్ట. అదే ఇంకో అడుగు పక్కకు వచ్చి ఉంటే నా కన్ను. అత్తయ్య ఏమీ అనలేదు, బిందె తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది, అంతే. ఆ సాయంత్రమే కళ్లద్దాలు కొన్నాను, వెయ్యి లోపే దొరుకుతాయి, ఇంట్లో ఎవరు ఆ గదిలో ఉన్నా పెట్టుకోవాల్సిందే. తర్వాత ఇనుప డబ్బాలో పాత చీరలు, గుడ్డపేలికలు గట్టిగా కుక్కి దాని ముందు కాగితం పెట్టడం మొదలుపెట్టాను. తలుపు గడియ వేసి మరీ కాల్చేదాన్ని. నిజానికి ఇప్పుడు ఇంట్లో పెల్లెట్ వాడటమే మానేశాను, దాని సంగతి కింద రాస్తాను.

లైసెన్స్ గురించి అందరూ అడుగుతారు. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బోరు .177, అంటే 4.5 మిల్లీమీటర్లు, దాటకుండా, శక్తి 20 జూల్స్ దాటకుండా ఉండే ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దుకాణంలో గుర్తింపు కార్డు అడుగుతారు, ఇచ్చేయండి. అదే .22 ఎయిర్ రైఫిల్ అయితే లైసెన్స్ కావాలి, "అది కూడా గాలి తుపాకీయే కదా" అని ఎవడైనా అమ్మబోతే తీసుకోకండి. నేను ఇప్పుడు వాడే పిస్టల్ పెల్లెట్‌ను సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో పంపుతుంది, పెల్లెట్ బరువు అర గ్రాము కూడా ఉండదు, లెక్కేస్తే 5 జూల్స్ చిల్లర. 20లో నాలుగో వంతు. అయినా కంటికి తగిలితే కన్ను పోతుంది, అది మాత్రం మర్చిపోవద్దు.

మా పై అంతస్తు అంకుల్ ఒకాయన లిఫ్టులో ఆపి "అమ్మా, గా పావురాలను రెండు కొట్టరాదా, బాల్కనీ అంతా ఖరాబు చేస్తున్నయ్" అన్నారు. కుదరదు అంకుల్, వల కట్టించుకోండి అన్నాను. 1960 నుంచి జంతువుల మీద క్రూరత్వం నేరం అన్న చట్టం ఉంది, అది లేకపోయినా నేను కొట్టను. ఆయనకు కోపం వచ్చింది, అసోసియేషన్ మీటింగులో "ఆ ఫ్లాట్లో తుపాకీ ఉంది" అని ఎత్తారు. కొన్న బిల్లు, రూల్ కాపీ చూపించాక సద్దుమణిగింది. బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి.

తుపాకులు పోగేయాలని, అంటే అసలైన ఫైర్‌ఆర్మ్స్ కలెక్షన్ మొదలుపెట్టాలని అడిగేవాళ్లు కూడా ఉన్నారు, బయటి దేశాల వీడియోలు చూసి. ఇక్కడ ఆ దారి వేరు. 2019లో చట్టం మార్చాక మామూలు మనిషికి లైసెన్స్ మీద గరిష్ఠం రెండే, ముందు మూడు ఉండేవి. తాతల నాటిదైనా ఆ రెండిట్లోనే లెక్క. మా నాన్నగారి తాత దగ్గర నల్లగొండ వైపు ఊళ్లో ఒక డబుల్ బ్యారెల్ ఉండేది, ఆయన పోయాక ఎవరి పేరునా లైసెన్స్ మార్పించుకోలేదు, చివరికి పోలీస్ స్టేషన్‌లో అప్పగించేశారు. లైసెన్స్ ఉన్నవాళ్లకు కూడా ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయడం, మళ్లీ తెచ్చుకోవడం, ఇదో పని. పాత తుపాకులు చూడాలని సరదా ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, టికెట్ కొనుక్కుని చూసి రండి. నా "కలెక్షన్" మొత్తం మూడు గాలి తుపాకులు: పైన చెప్పిన స్ప్రింగ్ రైఫిల్, మా అన్నయ్య పారేస్తుంటే తెచ్చుకున్న చెక్క బట్ పాతది ఒకటి, ఇప్పటి పిస్టల్. మూడింటి మొత్తం ఖర్చులో పిస్టల్‌దే తొంభై శాతం.

ఇక రేంజ్. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో పెద్ద రేంజ్ ఉంది, కానీ హబ్సిగూడ నుంచి వారానికి మూడుసార్లు అక్కడికి వెళ్లి రావడం అంటే ట్రాఫిక్‌లోనే వయసు అయిపోతుంది. నేను ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు అకాడమీలో చేరాను, నెలకు మూడున్నర వేలు, అక్కడి పిస్టల్ వాడుకోవచ్చు, పెల్లెట్లు మనవి. మీకు దగ్గరలో ఏది ఉంటే అందులో చేరండి, పేరు చూసి దూరం వెళ్లకండి. షూటర్ గగన్ నారంగ్ పెరిగింది మన హైదరాబాద్‌లోనే, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. ఈషా సింగ్ కూడా ఇక్కడి అమ్మాయే, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు. 2024లో పారిస్‌లో మను భాకర్‌కు రెండు కాంస్యాలు వచ్చాక మా అకాడమీలో సాయంత్రం నిలబడి కాల్చడానికి లేన్ దొరకడం కష్టమైంది, అందరూ పదేళ్ల పిల్లలు, వాళ్ల వెనక ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులు. నేను పొద్దున ఆరున్నరకు మారిపోయాను.

మా కోచ్ ఆర్మీలో చేసి రిటైరయ్యారు, ఎక్కువ మాట్లాడరు. మొదటి పది రోజులు పెల్లెట్ ఇవ్వలేదు. ఖాళీ తెల్ల గోడ ముందు నిలబెట్టి, "టార్గెట్ లేదు మేడమ్, మీరు చూడాల్సింది ముందు సైటే" అన్నారు, అంటే గురి చూసుకోవడానికి బ్యారెల్ కొసన ఉండే ముక్క. నాకు ఒళ్లు మండింది, డబ్బులు కట్టింది గోడ చూడ్డానికా అని. తర్వాత తెలిసింది ఆ గోడే అసలు పాఠమని. పది మీటర్ల పిస్టల్ టార్గెట్లో పది రింగు, అంటే పది పాయింట్లు వచ్చే నడిమి వృత్తం, 11.5 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. చెయ్యి ఎంత సాధన చేసినా ఊగుతూనే ఉంటుంది. ఊగడం ఆపాలని చూస్తే ఓడిపోతాం. ఊగే చేతిలో ముందు సైటు, వెనక సైటు గాడికి సరిగ్గా మధ్యలో, రెండు పక్కలా సమానంగా తెల్లటి సందు ఉండేలా చూసుకుంటూ, ట్రిగ్గర్‌ను ఆగకుండా పిండుకుంటూ పోవాలి. ట్రిగ్గర్‌కు రెండు దశలు, మొదటిది ఉత్త వదులు, రెండో దానికి వేలు ఆగుతుంది, పేలడానికి మొత్తం కనీసం 500 గ్రాముల ఒత్తిడి పట్టాలని నియమం. ఎప్పుడు పేలిందో మనకే తెలియకూడదు. "ఇప్పుడు" అనుకుని నొక్కామా, ఎడమ కిందకి ఏడో ఆరో. నల్ల చుక్క మసగ్గా కనిపిస్తుంటే మనసు ఊరుకోదు, దాన్ని స్పష్టంగా చూద్దామనిపిస్తుంది, చూశామా, ఆ గుండు పోయినట్టే.

నాకు అసలు సమస్య వేరే చోట వచ్చింది. నలభై రెండు దాటాక ముందు సైటు కూడా మసకబారడం మొదలైంది. స్కోర్లు మూడు నెలలు పడిపోయాయి, పిస్టల్ మార్చాలేమో అని ఇంటర్నెట్‌లో లక్షన్నర, రెండు లక్షల మోడళ్లు వెతుకుతున్నాను. కోచ్ ఒక్క మాటే అడిగారు: "మేడమ్, పేపర్ చదివేటప్పుడు దూరం పెడుతున్నారా?" చత్వారం. అద్దాల షాపుకు టేపుతో వెళ్లి, కంటి నుంచి ముందు సైటు దాకా దూరం కొలిచి చెప్పి, ఆ దూరానికే ఒక కంటి లెన్స్ చేయించుకున్నాను. పద్దెనిమిది వందలు. ఆ వారమే పాత స్కోరు తిరిగొచ్చింది. నలభై దాటినవాళ్లు ఎవరైనా మొదలుపెడుతుంటే పిస్టల్ కంటే ముందు ఇది.

పిస్టల్ మూడో ఏడాదికి కొన్నాను, సెకండ్ హ్యాండ్, ఇంపోర్టెడ్, కంప్రెస్డ్ ఎయిర్‌ది, అంటే సిలిండర్‌లో నొక్కి నింపిన గాలితో పనిచేసేది. ఇంకో ఊరి నుంచి ఒకాయన అమ్మారు, ఫోటోల్లో అద్దంలా ఉంది. నేను చూడనిది సిలిండర్ తేదీ. ఈ మ్యాచ్ పిస్టళ్ల సిలిండర్లలో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, తయారైన తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది, పదేళ్లు దాటితే వాడకూడదంటారు. నాదానికి అప్పటికే తొమ్మిదేళ్ల మూడు నెలలు. అడిగితే "పర్లేదు మేడమ్, అందరూ వాడతారు" అన్నాడా పెద్దమనిషి. 200 బార్ నా మొహానికి అడుగు దూరంలో ఉంటుంది, అందరూ ఏం వాడతారో నాకెందుకు. కొత్త సిలిండర్‌కు మళ్లీ డబ్బు, నాలుగు నెలల ఎదురుచూపు. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ముందు సిలిండర్ ఫోటో అడగండి, దాన్నిబట్టి ధర తగ్గించమనండి. ఇంకోటి, గ్రిప్ (పిడి) సైజు. నా చెయ్యి చిన్నది, వచ్చింది మీడియం. కొత్త గ్రిప్ కొనకుండా ఎం-సీల్ పెట్టి నా బొటనవేలి కింద పూడ్చుకున్నాను, గరుకు కాగితంతో రుద్దుకున్నాను. చూడ్డానికి అసహ్యంగా ఉంది. చేతిలో మాత్రం ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది.

పెల్లెట్లు కాగితం మీద గుండ్రటి రంధ్రం చేసే చదునైన తలవే కొనండి. ఐదు వందల డబ్బా మంచిది ఇంపోర్టెడ్ అయితే వెయ్యి దాటుతుంది, ప్రాక్టీసుకు అంత ఖరీదువి అక్కర్లేదు. అవి సీసంతో చేసినవి, ప్రాక్టీసు అవగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. మా రేంజ్ బయట సమోసాల బండి దగ్గరికి నేరుగా పరుగెత్తే పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది.

స్కోర్లు అడుగుతారు కాబట్టి: అరవై షాట్లకు మొదటిసారి 441, ఏడాదికి 508, ఇప్పుడు మంచి రోజున 548. పెద్ద పోటీల్లో ఫైనల్ చేరాలంటే 575 పైన కావాలి, నేను ఆ దారిలో లేను. వారంలో నాలుగు రోజులు ఇంట్లో డ్రై ఫైర్, పెల్లెట్ లేకుండా, తెల్ల గోడ ముందు ఇరవై నిమిషాలు. ఇందాక చెప్పిన సంగతి ఇదే, నా నలభై పాయింట్లు కొన్నదాంట్లోంచి రాలేదు, ఈ గోడ మీంచి వచ్చాయి. ఖర్చు లేదు, చప్పుడు లేదు, బిందెలకు ప్రమాదం లేదు.

పిస్టల్ పెట్టెకు తాళం, పెల్లెట్లు వేరే బీరువాలో. బయట పెట్టినప్పుడు బ్యారెల్‌లో ఎప్పుడూ నారింజ రంగు సేఫ్టీ దారం ఉంటుంది, అది కనపడితే ఖాళీ అని అర్థం.

ఇంకొక్కటి, ఇది ఏ మాన్యువల్‌లోనూ రాసి ఉండదు. దసరాకు ఆయుధ పూజలో అత్తయ్య నా పిస్టల్ కూడా పెడుతుంది, బిందె గొడవ తర్వాత మొదటి ఏడాది కూడా నా రైఫిల్ పెట్టింది. నిరుడు నేను స్నానానికి వెళ్లొచ్చేలోపు పసుపు కుంకుమ నేరుగా పెల్లెట్ పెట్టే గాడిలో పెట్టింది. ఆ పొడి ఓ-రింగ్, అంటే గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు, దాకా పోయి గాలి లీకయింది, విప్పి శుభ్రం చేసి రింగు మార్చడానికి రెండు వారాలు పట్టింది. ఈసారి గ్రిప్ మీద చెక్క దగ్గర టేప్ ముక్క అంటించి, బొట్టు దాని మీద పెట్టమని ముందే చెప్పి ఉంచాను.