3300 జీబీ ఫైబరా, 1000 జీబీ ఎయిర్ ఫైబరా, 'లిమిట్ లేని' కేబుల్ నెట్టా? ఒడిశా సరిహద్దు ఇళ్లకు ఏది మేలు?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఇంటికి నెట్ పెట్టించుకోవాలంటే ఇప్పుడు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది బీఎస్ఎన్ఎల్‌దో ప్రైవేటు కంపెనీదో ఫైబర్. దీని నెల లిమిట్ సాధారణంగా 3300 జీబీ. రెండోది డాబా మీద డబ్బా బిగించే 5జీ ఎయిర్ ఫైబర్. జియోకైనా ఎయిర్‌టెల్‌కైనా దీనికి సాధారణంగా ఉండే లిమిట్ 1000 జీబీ. మూడోది వీధి కేబుల్ వాళ్ల లైను, లిమిట్ లేదని నోటిమాటగా చెబుతారు. పోస్టరు మీద మాత్రం మూడింటికీ 'అన్‌లిమిటెడ్' అనే ఉంటుంది.

చాలామంది జీబీలు చూసి ఎంచుకుంటారు. చూడాల్సింది ఆ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే రెండో అంకె, అంటే లిమిట్ దాటాక మిగిలే స్పీడు. బీఎస్ఎన్ఎల్ 499 రూపాయల ఫైబర్ బేసిక్‌లో 3300 జీబీ అయిపోయాక 4 ఎంబీపీఎస్ మిగులుతుంది. ఆ స్పీడులో ఒక టీవీ 720పీలో ఆగకుండా ఆడుతుంది, పక్కన వాట్సాప్ కూడా నడుస్తుంది. 2 ఎంబీపీఎస్ అయితే ఫోనులో 480పీ బొమ్మ, ఒక మోస్తరు వీడియో కాల్. కొన్ని పథకాల్లో ఇది 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 ఎంబీ ఉన్న మామూలు వెబ్ పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు దాటుతుంది, కరెంటు బిల్లు కట్టే పేజీ మధ్యలోనే టైమ్ అవుట్ అవుతుంది. ఆ నెల మిగతా రోజులు నెట్ లేనట్టే లెక్క.

దీని మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 అక్టోబరులో కంపెనీలకు ఆదేశమిచ్చింది. లిమిట్ ఎంతో, అంతవరకు స్పీడెంతో, దాటాక ఎంతో ప్రకటనలోనే చెప్పాలి. ఇంటి లైను వాడకం 50, 90, 100 శాతానికి చేరినప్పుడల్లా కస్టమరుకు కబురు పంపాలి. దాటాక కూడా ఫిక్స్‌డ్ బ్రాడ్‌బ్యాండ్ స్పీడు 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదు. షరతుల కాగితం చదవకుండా ఈ చివరి హామీని ఎయిర్ ఫైబర్‌కు కూడా అంటగట్టుకోకండి.

ఒక సంగతిలో మాత్రం మనవాళ్లు నయం. అమెరికాలో కామ్‌కాస్ట్ చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి 1.2 టీబీ లిమిట్ పెట్టి, దాటిన ప్రతి 50 జీబీకి 10 డాలర్లు వసూలు చేసింది. ఇక్కడ ఇంటి పథకాల్లో స్పీడు తగ్గిస్తారు గానీ బిల్లు పెంచరు. అక్కడున్న మేనల్లుడు 'జాగ్రత్త, బిల్లు వాచిపోతుంది' అంటే ఆ భయం మీకు అక్కర్లేదు.

ఇంటి ఖర్చు ఎంత?

ముందు ఇది లెక్కేసుకోకపోతే పోలిక అంతా ఉత్తిదే. టీవీలో హెచ్‌డీ సినిమాకు గంటకు సుమారు 3 జీబీ, 4కేకి 7 జీబీ. పిల్లల ఆన్‌లైన్ క్లాసు గంటకు ఒక జీబీ పట్టుకోండి. రోజుకు ఐదు గంటలు హెచ్‌డీ టీవీ నడిస్తే నెలకు 450 జీబీ. విశాఖ కోచింగ్ సెంటరు పాఠాలు ఇద్దరు పిల్లలు రెండేసి గంటలు వింటే 120. నాలుగు ఫోన్లు రోజుకు రెండేసి జీబీల చొప్పున 240. మొత్తం 810 జీబీ. 1000 జీబీ ఎయిర్ ఫైబర్‌లో ఈ ఇల్లు ఏ గొడవా లేకుండా గడిచిపోతుంది.

ఇదే ఇంటికి గేటు దగ్గర ఒక వైఫై కెమెరా పెట్టి, రోజంతా క్లౌడ్‌కు రికార్డయ్యేలా వదిలారనుకోండి. 1080పీ కెమెరా 2 ఎంబీపీఎస్ పంపిస్తే రోజుకు 21.6 జీబీ, నెలకు 648. అప్‌లోడ్ కూడా లిమిట్ లెక్కలోకే వస్తుంది. మొత్తం 1458కి చేరుతుంది, ఇరవై ఒకటో రోజుకల్లా వెయ్యి ఖాళీ. టీవీని అనుమానించి పిల్లల మీద కేకలేస్తుంటారు, తినేది గేటు దగ్గరి కెమెరా. దానికి మందు సులువే. మెమరీ కార్డు వేసి రికార్డింగ్ అందులోకే మార్చండి, లేదా కదలిక ఉన్నప్పుడు మాత్రమే పంపేలా సెట్ చేయండి.

రెండో దొంగ 4కే టీవీ. రోజుకు ఐదు గంటలు 4కేలో ఆడితే అదొక్కటే నెలకు 1050 జీబీ. యాప్‌లో క్వాలిటీని 'ఆటో' నుంచి 1080పీకి దించండి. 43 అంగుళాల తెర మీద పది అడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలిసేది తక్కువ. టీవీని రిమోట్‌తో ఆపి, దానికి గుచ్చిన స్ట్రీమింగ్ స్టిక్‌ను ఆన్‌లోనే వదిలేసే ఇళ్లలో, ఒక ఎపిసోడ్ తర్వాత ఇంకోటి దానంతటదే ఆడుతూ ఉంటుంది. ఆటోప్లే కూడా ఆపేయండి.

3300 జీబీ ఫైబర్

రోజుకు 110 జీబీ. 4కే టీవీని పదిహేను గంటలు ఆడించినా 105 దగ్గరే ఆగుతుంది. మామూలు సంసారానికి ఇది లిమిట్ లేనట్టే. దాటేవాళ్లు వేరు. గుణుపురంలో జీఐఈటీ యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో పది పన్నెండు మంది విద్యార్థులు ఒకే లైను పంచుకుంటే, మనిషికి రోజుకు 10 జీబీ చొప్పున 3000 నుంచి 3600 అవుతుంది. అలాంటి చోట ఒక పెద్ద ప్లాన్ కంటే రెండు చిన్న ప్లాన్లు మేలు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు ఎక్కువ కట్టినా లిమిట్ పెరగదు, చాలా కంపెనీల్లో అదే 3300. పైగా 30 ఎంబీపీఎస్ లైను పూర్తిగా లాగినా గంటకు 13.5 జీబీయే, 3300 ఖాళీ అవడానికి పది రోజులు పడుతుంది. 100 ఎంబీపీఎస్ అయితే మూడు రోజుల్లో ఊడ్చేస్తుంది. లిమిట్ భయం ఉన్నవాళ్లు స్పీడు ఎక్కువున్న ప్లాన్‌కు వెళ్లడం తలకిందుల పని.

ధరలో 18 శాతం జీఎస్టీ మరచిపోవద్దు. 399 ప్లాన్ చేతికి 470.82, 499 ప్లాన్ 588.82 పడుతుంది. ఆరు నెలలకు ఒకేసారి కట్టినా డేటా నెలనెలా విడివిడిగానే వస్తుంది, మిగిలింది వచ్చే నెలకు చేరదు. నెల మొదలయ్యేది ఒకటో తారీఖునని కూడా అనుకోవద్దు. అది మీ బిల్లు తేదీ, లేదా రీచార్జ్ తేదీ.

వానాకాలంలో ఫైబర్‌కు వచ్చే జబ్బు డేటాది కాదు, కాంతిది. ఫైబర్ తీగ ఇంట్లో వచ్చి చేరే పెట్టెను ఓఎన్‌టీ అంటారు, దాని లాగిన్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే ఆరోగ్యం. మైనస్ 27 దగ్గరికి జారితే స్తంభం మీద అతుకులో తడి చేరడమో, తీగ వంపు మరీ బిగుసుకోవడమో అయ్యుండాలి. పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసున్న లైటు ఎర్రగా వెలిగితే తీగ తెగినట్టే. అప్పుడు రౌటర్‌ను వందసార్లు ఆపి వేసినా లాభం లేదు.

1000 జీబీ ఎయిర్ ఫైబర్

దీని గొప్పతనం ఒక్కటే, ఫైబర్ రాని వీధికీ వస్తుంది. ఊరి చివర కొత్త లేఅవుట్లు, కొండవాలు ఇళ్లు, ఏడాదిలో ఖాళీ చేసే అద్దె ఇళ్లకు ఇది సరైనది. అయితే డాబా మీది పెట్టెకు టవర్ సూటిగా కనబడాలి. వేసవిలో బిగించినప్పుడు బాగా వచ్చిన సిగ్నల్, ఎదురుగా ఉన్న టేకు చెట్లు ఆషాఢంలో ఆకు వేసి తడిసేసరికి పడిపోతుంది. బిగించేవాడిని పిట్టగోడ మూలకు కాకుండా నీళ్ల ట్యాంకు ఎత్తుకు పెట్టమని అడగండి. ఆ తర్వాత అతను వెళ్లకముందే సాయంత్రం ఏడుకు, తొమ్మిదికి స్పీడ్ టెస్ట్ చూపించమనడం కుదరదు కాబట్టి, మొదటి నెలకే కట్టి చూడండి. ఇన్‌స్టలేషన్ ఉచితమన్న మాటకు లొంగి ఏడాది డబ్బు ముందే కట్టొద్దు.

దాటాక స్పీడు విషయంలో కంపెనీ కంపెనీకి తేడా ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఒకచోట 2 ఎంబీపీఎస్, ఇంకోచోట 64 కేబీపీఎస్. 810 జీబీ ఇంటికి ఆ తేడా అక్కర్లేదు. 950 దగ్గర ఊగే ఇంటికి మాత్రం అదే అన్నిటికంటే ముఖ్యం.

కరెంటు సంగతి కూడా ఉంది. ఫైబర్ ఓఎన్‌టీ 6 నుంచి 10 వాట్లు తింటుంది. రౌటర్లకు అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్, 35 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నది, మూడు నాలుగు గంటలు లాగుతుంది. ఎయిర్ ఫైబర్‌లో డాబా మీది పెట్టె ఒకటి, లోపలి రౌటర్ ఒకటి, రెండింటికీ కరెంటు కావాలి. అదే యూపీఎస్ సగం సేపే వస్తుంది. కొనేముందు రెండు అడాప్టర్ల మీద వోల్టేజీ, ఆంపియర్లు చదువుకోండి.

'లిమిట్ లేని' కేబుల్ లైను

చాలా ఊళ్లలో ఈ కేబుల్ వాళ్లే బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కు భాగస్వాములు కూడా. కాబట్టి ముందు అడగాల్సింది, బిల్లు ఎవరి పేరుతో వస్తుందని. బీఎస్ఎన్ఎల్ బిల్లు అయితే అది మొదటి కోవకే చెందుతుంది. వాళ్ల సొంత లైను అయితే లిమిట్ జీబీల్లో కాక, మీరు ఏ వేళ వాడుతున్నారన్న దాంట్లో ఉంటుంది. తెచ్చుకున్న బ్యాండ్‌విడ్త్ తక్కువ, పంచిన ఇళ్లు ఎక్కువ. చెరువు తూము నీళ్లలా పైనున్న పొలం తాగాక కిందికి వచ్చేదే మీ వంతు. పొద్దున్న ఆరింటికి 40 వచ్చే లైను రాత్రి తొమ్మిదింటికి 3కి దిగుతుంది. పగలు దుకాణంలో వాడుకునేవాళ్లకు ఇది చవక, హాయి. రాత్రి టీవీ చూసే ఇంటికి దండగ.

ఇంకో పరీక్ష తీగ. ఇంట్లోకి వచ్చేది సన్నని ఫైబర్ తీగా, లేక నీలం లేదా బూడిద రంగు లాన్ తీగా? లాన్ తీగ అయితే స్తంభం మీద ఎక్కడో కరెంటుతో నడిచే స్విచ్ పెట్టె ఉంటుంది. ఆ వీధిలో కరెంటు పోతే మీ ఇన్వర్టర్ నడుస్తున్నా నెట్ పోతుంది, పిడుగు పడితే ఆ తీగ గుండా వచ్చి రౌటర్ పోర్టును కాల్చేస్తుంది. ఫైబర్‌లో స్తంభం మీద ఉండేది కరెంటు అక్కర్లేని స్ప్లిటర్, అంటే కాంతిని ఇళ్లకు పంచే చిన్న పెట్టె. గాజు తీగ కాబట్టి దానిగుండా పిడుగు కరెంటు రాదు, కానీ అడాప్టర్ వైపు నుంచి రావచ్చు.

ఫోను హాట్‌స్పాట్ మీదే ఇల్లు గడపొచ్చా అంటే, రోజుకు 2 జీబీ ప్లాన్ 28 రోజులకు 56 జీబీ. ఒంటరి మనిషికి సరే, టీవీ ఉన్న ఇంటికి కాదు.

నా తీర్పు ఇది. వీధిలోకి కంపెనీ ఫైబర్ వస్తే తక్కువ స్పీడు 3300 జీబీ ప్లాన్ తీసుకోండి. రాకపోతే ఎయిర్ ఫైబర్, నెలకు 810 లోపు ఇల్లయితే ఏ కంపెనీదైనా సరే. కెమెరాలు, 4కే టీవీ రెండూ ఉన్న ఇల్లయితే, దాటాక 2 ఎంబీపీఎస్ ఇచ్చే కంపెనీ తప్ప వద్దు. బీఎస్ఎన్ఎల్ 329 రూపాయల ఎంట్రీ ప్లాన్ మీ ఎక్స్ఛేంజిలో దొరికితే అది కూడా 1000 జీబీయే, కానీ దాటాక 4 ఎంబీపీఎస్ ఉంటుంది. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇంటికి అంతకు మించి అక్కర్లేదు.

సరిహద్దు చిక్కు

పాతపట్నంలో చుట్టాలింట్లో ఉన్న ఏపీ ఫైబర్‌నెట్ పర్లాకిమిడిలో అడిగితే రాదు. అది ఆంధ్ర ప్రభుత్వ సంస్థ, గీత దగ్గరే ఆగుతుంది. తెలుగు యూట్యూబ్ వీడియోల్లో చూపించే బీఎస్ఎన్ఎల్ ప్లాన్లు కూడా తరచూ ఆంధ్ర, తెలంగాణ సర్కిళ్లవి. వెబ్‌సైట్‌లో సర్కిల్ దగ్గర ఒడిశా ఎంచుకుని మళ్లీ చూడండి, కొన్ని చౌక ప్లాన్లు సర్కిల్‌ను బట్టి ఉంటాయి, ఉండవు.

అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి?

రౌటర్ పేజీలో కనిపించే వాడకం అంకెను నమ్మొద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది సున్నా అవుతుంది. కొన్ని చవక పెట్టెల్లో అంకె 4 జీబీ దగ్గర నిండి మళ్లీ మొదటికి వస్తుంది. కంపెనీ యాప్‌లోని లెక్కే లెక్క, వాదనకు పనికొచ్చేదీ అదే. పక్కింటివాళ్లకు పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మార్చండి, పాస్‌వర్డ్ లేకుండా మీట నొక్కి వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను రౌటర్‌లో ఆపేయండి.

స్పీడు పడిపోయిందంటే లిమిట్ దాటిందా, లైను రద్దీయా అన్నది తేల్చే పద్ధతి ఇది. వైఫై వదిలి ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో రౌటర్‌కు కలపండి. పొద్దున్న ఆరింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి స్పీడ్ టెస్ట్ చేయండి. రెండుసార్లూ గీత గీసినట్టు ఒకే అంకె, 2 అనో 4 అనో వస్తే లిమిట్ దాటినట్టు. పొద్దున్న ఎక్కువ, రాత్రి తక్కువ వస్తే రద్దీ. లాన్ తీగతో బాగుండి వైఫైలో మాత్రం తక్కువైతే తప్పు మీ గోడలది.

యాప్‌లో లిమిట్ మిగిలి ఉండగానే స్పీడు తగ్గిస్తే, ఆ యాప్ తెరనూ, లాన్ మీద చేసిన రెండు టెస్టులనూ తారీఖు, టైము కనబడేలా ఫొటో తీసి కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టండి. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. అది లేకుండా కస్టమర్ కేర్ తేల్చని ఫిర్యాదులు వినే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లలేరు. ట్రాయ్‌కు రాస్తే లాభం లేదు, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. అప్పిలేట్ అథారిటీ దగ్గరా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అదే డాకెట్ నంబరు చెప్పండి.