దర్శనం టికెట్ లేకుండా తిరుపతి: శేషాచలం కొండల కోసమే వెళ్ళొచ్చాం

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ళని తిరుమల కొండ గురించి అడిగితే క్యూలో ఎన్ని గంటలు నిలబడ్డారో చెబుతారు. ఈసారి మేం దర్శనం పెట్టుకోకుండా కొండలు చూడటానికే వెళ్ళాం. పెరంబూరులో మా పక్కింటి మామ్మగారైతే "అంత దూరం వెళ్ళి స్వామిని చూడకుండా వస్తార్రా!" అని నోరెళ్ళబెట్టారు. మా తమ్ముడు జియాలజీ చదివాడు, ఈ ప్లాన్ వాడిదే.

మాధవరం నుంచి బస్సులు బాగానే దొరుకుతాయి కానీ, నా మాట విని సెంట్రల్‌లో పొద్దున్నే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కుడివైపు కిటికీ పట్టండి. ఏకాంబరకుప్పం దాటాక నగరి కొండలు వస్తాయి, కింద వాలు, పైన నిటారుగా రాతి గోడ. ఆ గోడ రాయిని నగరి క్వార్ట్‌జైట్ అంటారు. తిరుమల కొండ పైభాగంలో ఉన్నదీ అదే రాయి, తిరుపతిలో ఏ వీధిలో నిలబడి తలెత్తినా ఎర్రటి గోడలా కనబడేది అదే.

దాని కింద ఉన్నది గ్రానైట్, చాలా పాతది, ఆర్కియన్ కాలం నాటిది. అది ఏర్పడ్డాక కోట్ల ఏళ్ళు ఎండకీ వానకీ అరిగి చదునైంది, తర్వాత దాని మీదికి నీళ్ళొచ్చి ఇసుక పేరుకుంది, ఆ ఇసుకే గట్టిపడి ఈ క్వార్ట్‌జైట్ అయింది. రెండు రాళ్ళూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి గానీ మధ్యలో 50 కోట్ల ఏళ్ళని కొందరు, 80 కోట్ల ఏళ్ళని కొందరు చెప్పేంత కాలానికి అక్కడ ఒక్క పొర కూడా మిగల్లేదు. దీన్నే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. ఘాట్ రోడ్డు కోసం కొండని తొలిచిన చోట ఇది బయటపడి కనిపిస్తుంది. జాతీయ భూవైజ్ఞానిక స్మారకం హోదా ఎప్పుడో ఇచ్చారు, 2025లో తిరుమల కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. ఇంత పేరున్న చోట బండి దిగి రెండు నిమిషాలు చూద్దామంటే మాత్రం వీల్లేదు, మలుపుల రోడ్డు కాబట్టి ఆపనివ్వరు, అది న్యాయమే. కానీ అలిపిరి దగ్గరో పైనో ఒక మంచి నమూనా పెట్టి మామూలు తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెడితే ఎంత మంది చూస్తారో! సొంత కారు కన్నా ఆర్టీసీ బస్సే నయం, కారు నడపాల్సినవాళ్ళు కూడా కొండ చూడొచ్చు.

పైన శిలాతోరణం. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, మడత కాజా పొరల్లా కనిపించే క్వార్ట్‌జైట్‌లో గాలీ నీరూ తొలిచి వదిలిన సహజమైన తోరణం. చుట్టూ కంచె ఉంది కాబట్టి దగ్గరికి పోలేం, మంచిదే, లేకపోతే ఈపాటికి దాని మీద పేర్లు చెక్కేసేవాళ్ళు. మేం మాట్లాడుకున్న జీపు మాత్రం దండగ. అయిదారు చోట్లు చూపిస్తానని బేరం కుదిరాక ఒక్కోచోట పది నిమిషాలే అని హారన్ కొట్టడం. టైము తీసుకుని చూడాలంటే నడవండి, గుడి నుంచి పెద్ద దూరమేమీ కాదు.

బస: తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. దుప్పటి శుభ్రం, వేడినీళ్ళు అబద్ధం. దేవస్థానం వాళ్ళ శ్రీనివాసం, విష్ణునివాసం ముందుగా ఆన్‌లైన్‌లో దొరికితే లాడ్జిల జోలికి పోకండి.

అసలు డబ్బు పెట్టాల్సింది తలకోనలో ఒక రాత్రి ఉండటానికి. భాకరాపేట, నెరబైలు మీదుగా దారి. ఇదంతా 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్పియర్ రిజర్వ్, ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది. చెక్‌పోస్టులో బ్యాగులు గుచ్చి గుచ్చి చూశారు, ఎర్రచందనం మరి, విసుక్కోకండి. అడవిలోని గెస్ట్‌హౌస్ గది సాదాసీదా, ఫోన్ సిగ్నల్ వచ్చీ రానట్టు, భోజనం ముందే చెప్పుకోవాలి. కానీ ఆ రాగి సంకటి, నాటుకోడి పులుసు కోసం నేను మళ్ళీ వెళ్తాను. జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో ఎత్తైనదని చెబుతారు. వానలు పడ్డాక, అక్టోబరు నుంచి జనవరి దాకా అయితేనే ఆ ఎత్తుకి తగ్గ నీళ్ళుంటాయి, ఎండాకాలంలో సన్నటి ధారే. ఈ కొండల రాతి సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, మాకు కనబడలేదు, రాత్రి అరుపు వినిపిస్తే అదేనని తమ్ముడు ప్రమాణం చేశాడు, వాడి మాట నమ్మాలో వద్దో! కోతులు మాత్రం గ్యారంటీ, తినేవి చేతిలో పట్టుకుని నడవకండి.

తలకోనకి బస్సులు తక్కువ. తిరుగు బండి ముందే మాట్లాడుకోండి. కారులో చెన్నై తిరిగొచ్చేవాళ్ళు పుత్తూరు దగ్గర కైలాసకోన జలపాతానికి పక్కకి తిరగొచ్చు, ఏడాదంతా నీళ్ళుంటాయి, ఆదివారం మాత్రం వద్దు, చెన్నై మొత్తం అక్కడే ఉంటుంది.